సుంకమ్మ దూలం కింద ఆరేళ్లు

నేను ఒక జాకీని. లారీ చక్రం పంక్చరైతే ఇరుసు కింద పెట్టి, కడ్డీ దూర్చి తిప్పుతారే, ఆ మర జాకీని. నూనెతో పనిచేసే కొత్త రకం కాదు. మూరెడు ఎత్తు కూడా ఉండను. కానీ ఓపిగ్గా తిప్పే మనిషి దొరికితే నిండు లారీని ఎత్తేస్తాను. ఎత్తడం, చక్రం మార్చేదాకా పట్టుకోవడం, మళ్లీ దించడం. నా బతుకంతా ఈ మూడు పనులే. అందులో మూడోది నాకు ఆరేళ్లపాటు దక్కలేదు.

పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, రేకుల కప్పు కింద. ఇనుము కరిగించి ఇసుక అచ్చులో పోశారు. లేత్ మీద నాకు మర కోసిన ముసలాయన కళ్లద్దాలు నుదుటికి ఎత్తుకొని, వేలితో ఒక్కో గాడీ తడిమి చూసి, "దీన్ని ఎంతసేపు నిలబెట్టినా జారదు" అన్నాడు. అప్పుడది పొగడ్త అనుకొని పొంగిపోయాను.

నంద్యాలలో బియ్యం లారీ ఉన్న ఒకాయన నన్ను కొని ఆకుపచ్చ రంగు వేయించాడు. ఆ లారీ చేతులు మారినప్పుడల్లా సీటు కింద ఉన్న నేనూ చేతులు మారాను. నన్ను విడిగా ఎవరూ బేరమాడలేదు. లారీ అమ్మేవాళ్లు నా మాట ఎత్తేవాళ్లు కాదు, కొనేవాళ్లు నా కోసం మొదట వెతికేవాళ్లు. అలా చివరికి బేతంచర్ల వైపు, నాపరాళ్ల గనులున్న ఒక పల్లెలో దస్తగిరి చేతికి వచ్చాను.

దస్తగిరి మంచి డ్రైవరు. తక్కువ మాటల మనిషి. ప్రతి శుక్రవారం నన్ను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మరకు గ్రీసు పూసి, ఒకసారి పైదాకా, ఒకసారి కిందిదాకా తిప్పి మళ్లీ సీటు కింద పెట్టేవాడు. బండల లోడుతో లారీ ఒరిగిపోయిన ఎన్నో మధ్యాహ్నాలు అతనూ నేనూ రోడ్డు పక్కన చెమటోడ్చాం. గంటకు మించి ఏ బరువూ నా మీద ఉండేది కాదు.

ఒక ఏడు అక్టోబరులో తొమ్మిది రోజులు ఆగకుండా ముసురు పట్టింది. ఆ ఊళ్లో పాత ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. రాతి గోడల మీద దూలం, దూలం మీద దంతెలనే అడ్డకర్రలు, వాటి మీద మోకాలి లోతు చౌడు మన్ను. ఆ మన్ను నీళ్లు తాగి బరువెక్కింది. మూడు మిద్దెలు కూలాయి. నెల తిరగకముందే ఒక ఇంజనీరింగు కాలేజీ బస్సు వచ్చి బడి ముందు ఆగింది. అందులోంచి నలభై మంది పిల్లలు, తెల్ల టోపీలు, 'ఊరికి ఊతం' అని రాసిన బ్యానరు దిగాయి. వాళ్ల సారు పేరు జయరాములు. ఏడు రోజుల్లో పన్నెండు ఇళ్లు బాగు చేస్తామని మైకులో చెప్పాడు.

పిల్లల మనసు మంచిదే. ఆ మాట దాచను. బొబ్బలెక్కిన చేతులతోనే గోడలకు మట్టి మెత్తారు. ఫొటోలు తీసుకోవడానికి పట్టిన సమయం కాస్త ఎక్కువే గాని, పని కూడా చేశారు. ఐదో రోజు సుంకమ్మ ఇంటికి వచ్చారు.

సుంకమ్మకు అప్పుడు ముప్పై దాటలేదు. భర్త ఈరన్న బెంగుళూరులో మేడలు కట్టే పనికి పోయి పండక్కో పబ్బానికో వచ్చేవాడు. ఇంట్లో ఉండేది ఆమె, ఐదేళ్ల కూతురు భార్గవి. ఆ ఇంటి నడిమి దూలం మధ్యలో చీలి, జానెడు కిందికి వంగింది. అది చూసి టోపీలన్నీ గడప దగ్గరే ఆగిపోయాయి. ఒక్క అమ్మాయి మాత్రం లోపలికొచ్చి తల పైకెత్తి చూసింది. ఆమె పేరు యామిని. సివిల్ మూడో సంవత్సరం.

"దీన్ని కొంచెం పైకి లేపి, కింద ఇటుకల స్తంభం కడితే నిలబడుతుంది సార్. ఒక జాకీ ఉంటే చాలు" అంది.

"లేస్తుందా?" అన్నాడు జయరాములు సారు.

"లేస్తుంది సార్. లెక్క వేశాను."

జాకీ ఎవరి దగ్గరుందని అడిగితే ఊరంతా దస్తగిరిని చూపించింది. అతను నన్ను తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. బరువుకు ఆమె ఒక అడుగు తూలింది.

"రేపు పొద్దున లోడుకు పోవాల మ్మా. పని కాంగానే ఇచ్చేయండి" అన్నాడు.

నేల మీద నాపరాయి పరిచి దాని మీద నన్ను పెట్టారు. నా తల మీద వేప మొద్దు నిలబెట్టారు. మొద్దు కొస దూలానికి ఆనింది. యామినే కడ్డీ దూర్చి తిప్పింది. ఒక్కో చుట్టుకూ పైనుంచి మన్ను రాలింది. దూలం మూలిగింది. లారీ బరువు నాకు తెలుసు. ఇనుప చట్రం బరువు ఒక చోట కుదురుగా ఉంటుంది. ఇది అలా కాదు. తడి మన్ను, పుచ్చిన కర్ర, వందేళ్ల మసి, అన్నీ కలిసి ఊగుతూ నా మీదికి దిగాయి. నాలుగు వేళ్ల ఎత్తు లేచాక "చాలు" అని ఎవరో అరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చొని బొటనవేళ్లు చూపిస్తూ ఫొటోలు దిగారు.

మరునాడు స్తంభం కట్టాలి. ఇటుకలు వచ్చాయి, సిమెంటు రాలేదు. మిగిలిన రెండు బస్తాల సిమెంటుతో బడి దగ్గర దిమ్మె కట్టి, శిబిరం పేరు, సారు పేరు, నలభై మంది పేర్లు, బాగు చేసిన పన్నెండు ఇళ్ల వాళ్ల పేర్లు చెక్కిన బండను దానికి అతికించారు. ముగింపు సభకు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని, ఆ లోపల బండ నిలబడాలని తొందర. ఆ బండ మీద పదకొండో పేరు సుంకమ్మది.

బస్సు హారను కొడుతుండగా యామిని పరుగున వచ్చింది.

"అక్కా, స్తంభం ఒక్కటే మిగిలింది. ఆదివారం నేనే సిమెంటు తీసుకొని వస్తాను. అప్పటిదాకా ఈ జాకీని ఎవరూ ముట్టుకోకుండా చూడు. పాపను దగ్గరికి రానివ్వకు."

"ఏం భయం లేదు గదామ్మా?"

ఆ పిల్ల ఒక్క క్షణం తడుముకుంది. నేను చూశాను. "ఏం లేదక్కా" అని వెళ్లిపోయింది.

ఆదివారం వచ్చింది. ఆమె రాలేదు. ఇంకా చాలా ఆదివారాలు వచ్చాయి.

మొదట వచ్చినవాడు దస్తగిరి. లోపలికొచ్చి నా ముందు గొంతుక్కూర్చొని కడ్డీ మీద చెయ్యి వేశాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఒక్క చుట్టు వెనక్కి తిప్పితే చాలు, వదులవుతాను. అతను దూలం వైపు చూశాడు. నా తల మీది మొద్దు వైపు చూశాడు. గోడవార బొమ్మల పుస్తకం చూస్తున్న భార్గవిని చూశాడు. చెయ్యి తీసేశాడు.

"తీసుకపో అన్నా, నీ సామాను" అంది సుంకమ్మ.

"ఉండనీ మ్మా. నాకు యాడన్నా దొరుకుతాది" అని లేచిపోయాడు.

తర్వాత ఊరి మేస్త్రి వచ్చాడు. వేలితో దూలాన్ని పొడిస్తే వేలు లోపలికి పోయింది. "ఇది కర్ర కాదు సుంకమ్మా, పొట్టు. దీని కింద స్తంభం కట్టినా ఒకటే, కట్టకున్నా ఒకటే. మిద్దె మొత్తం దించి కొత్తగా కట్టుకోవల్ల. దాన్ని మాత్రం తాకద్దు" అని నన్ను చూపించి, ఇంట్లో దగ్గడానికి కూడా భయపడుతూ బయటికి నడిచాడు.

కొత్తగా కట్టుకోవాలంటే సర్కారు ఇల్లు రావాలి. సుంకమ్మ జాబితా రాసే సారు దగ్గరికి పోయింది. ఆయన పుస్తకం తిరగేసి, "నీ ఇల్లు బాగు చేసినట్టుంది గదమ్మా. బండ మీద కూడా నీ పేరుంది. బాగున్న ఇంటికి మళ్లీ ఇల్లెట్ల ఇస్తారు?" అన్నాడు. ఆమె మూడేళ్లు తిరిగింది. సార్లు మారారు, పుస్తకం మారలేదు. ఒకసారి తిరిగొచ్చి గడపలో కూలబడి, నన్నే చూస్తూ, "నువ్వు లేకుంటే ఇల్లు కూలిపోయిండేది. కూలిపోయింటే కొత్త ఇల్లొచ్చిండేది" అంది. తిట్టిందో, తన రాతను తలుచుకుందో తెలియలేదు.

ఇంటి నడుమ నేనుండగా ఆ ఇంట్లో మనుషులు నడిచే తీరే మారిపోయింది. పొయ్యి ఒక మూలకు, గింజల బానలు ఇంకో మూలకు పోయాయి. తల్లీకూతుళ్లు గోడలకు అంటుకొని పడుకునేవాళ్లు. కాళ్లు చాపుకుంటే నాకు తగులుతాయని ముడుచుకొని పడుకోవడం నేర్చుకున్నారు. సుంకమ్మ నా చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి, చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ గీసేది. భార్గవి ఆ గీత దాటకుండా పెరిగింది. బడిలో స్నేహితురాలిని ఇంటికి పిలవలేదు ఒక్కనాడూ. ఈరన్న బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు, పన్నెండంతస్తుల మేడలు కట్టిన ఆ మనిషి, తన ఇంట్లో మెల్లగా మాట్లాడేవాడు. "మీరిద్దరూ నాతో వచ్చేయండి" అనేవాడు. "పిల్ల బడి ఏమయితాది? ఇల్లొదిలి పోతే స్థలం కూడా మనది కాదంటారు" అనేది ఆమె. అతను మళ్లీ ఒంటరిగానే వెళ్లేవాడు.

నా సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. గ్రీసు ఎండింది, మర తుప్పు పట్టింది. వానాకాలం బరువు పెరిగేది, ఎండాకాలం తగ్గేది. నా కింద నాపరాయి ఏడాదికి కాస్త చొప్పున నేలలోకి దిగుతోంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. పారిపోవాలని నాకూ ఉండేది. కానీ నేను జారితే ఎవరి మీద పడుతుందో కళ్లెదురుగా ముడుచుకొని పడుకొని ఉండేవాళ్లు. ఇంకేం జారతాను?

దస్తగిరి మళ్లీ వచ్చింది నాలుగో ఏట. కుడిచేతికి తువ్వాలు చుట్టుకొని ఉన్నాడు. సుంకమ్మ మంచినీళ్ల చెంబు ఇస్తే ఎడమచేత్తో అందుకున్నాడు.

"చేతికేమయింది అన్నా?"

"ఏం లేదులే."

"ఏంది అన్నా?"

నీళ్లు తాగి చెంబు తిరిగిచ్చి చెప్పాడు. ఘాట్ రోడ్డులో టైరు పోయింది. ఎరువు తెచ్చుకున్న జాకీ చిన్నది. చాలక బండలు పేర్చి లారీని ఆనించాడు. బండ పగిలింది. రెండు వేళ్లు పోయాయి. లారీ అమ్మేశాడు.

సుంకమ్మ చెంబు కింద పెట్టి ఏడ్చింది. "నా ఇంటి కోసం..."

"నీ ఇంటి కోసం కాదు మ్మా. ఇంకోటి మంచిది కొనుక్కోవల్లంటే కొనుక్కోలేకపోతినా? ఇయ్యాల రేపు అంటా సోమరితనం చేస్తి" అన్నాడు. అది అబద్ధమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రతి శుక్రవారం నాకు గ్రీసు పూసిన మనిషి సోమరి కాదు.

ఆరో ఏట జాబితా రాయడానికి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. ముందరి సార్లంతా వీధిలోనే నిలబడి రాసుకుపోయేవాళ్లు. ఈమె వంగి లోపలికి వచ్చింది. నన్ను చూసి నోరు తెరిచింది. "బాగు చేయలేదని ఆ కాలేజీవాళ్లు ఎవరైనా రాసి సంతకం పెడితే, ఇళ్ల జాబితాలో నీ పేరు చేర్చి పంపిస్తానమ్మా" అంది.

సుంకమ్మ రెండు బస్సులు మారి కాలేజీకి పోయింది. పోయొచ్చి దస్తగిరితో చెబుతుంటే విన్నాను. జయరాములు సారు మంచిగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడట. ఫొటోలున్న పుస్తకం చూపించి, అంతా పూర్తయినట్టే ఉంది కదమ్మా అన్నాడట. బయట అటెండరు మాత్రం యామిని ఫోను నంబరు వెతికి చీటీ మీద రాసిచ్చాడు.

"చేస్తివా?" అన్నాడు దస్తగిరి.

"చేస్తి. పేరు చెప్పంగానే పలకలేదు. పెట్టేసిందేమో అనుకుంటి. మళ్ల, 'వస్తా అక్కా' అనె."

ఈసారి వచ్చింది. మరుసటి రోజే, పొద్దున్నే. హైదరాబాదులో వంతెనలు కట్టే కంపెనీలో పని చేస్తోందట. నేలమీద మోకాళ్లూని, ముగ్గుపిండి గీత అవతలే ఆగి నన్ను చూసింది.

"ఇంకా ఇక్కడే ఉందా!"

"యాడికి పోతాది మ్మా?" అంది సుంకమ్మ.

యామిని తల దించుకుంది. "తీరిక లేక రాలేదని చెప్పను అక్కా. వెళ్లిన వారానికే మా కాలేజీలో ఇంకో పెద్ద సారుకు కొలతలు చూపించాను. 'పైన మన్ను దించకుండా దూలం లేపుతారా? దూలం పుచ్చి ఉంటే స్తంభం ఏం చేస్తుంది?' అని అరిచారు. తప్పు లెక్క వేశానని తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లలేదు. వాన పడితే చాలు, పేపరు తెరవాలంటే భయం వేసేది."

"నీకు పేపర్లో భయం. మాకు నెత్తిమీద." సుంకమ్మ గొంతు పెంచలేదు. "తప్పు ఎవురు చెయ్యరు? తెలిసిన పొద్దే 'అక్కా, ఇది నిలబడదు' అని ఒక మాట చెప్పింటే బయట పందిట్లో పండుకుంటుంటిమి. మీరు బాగయిందని రాసుకున్నందుకే కదమ్మా ఇన్నేండ్లు ఈ లోపల పండుకుంటిమి!"

యామిని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఏడిస్తే సుంకమ్మ ఓదార్చాల్సి వస్తుందని తెలిసినట్టుంది. సంచిలోంచి కాగితం తీసి, గడప మీద కూర్చొని రాసింది. సుంకమ్మ ఆ కాగితాన్ని పదకొండేళ్ల భార్గవి చేతికిచ్చి గట్టిగా చదవమంది.

"'సుంకమ్మ గారి ఇంటిని మా శిబిరం పూర్తిగా బాగు చేయలేదు...'"

"ఆగు పాపా." సుంకమ్మ యామిని వైపు తిరిగింది. "'పూర్తిగా' ఎందుకు మ్మా? తీసెయ్."

యామిని ఆ మాట కొట్టేసింది. మళ్లీ ఆలోచించి, ఇంకో కాగితం తీసుకొని మొదటి నుంచీ రాసింది. 'బాగు చేయలేదు. మేము చేసిన పని వల్ల ఇల్లు మరింత ప్రమాదంలో పడింది. ఆ నిర్ణయం నాది.' కింద సంతకం, ఫోను నంబరు. భార్గవి చివరిదాకా చదివింది. తర్వాత సుంకమ్మ లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది. "తిని పో" అంది. అంతకంటే మెత్తని మాటేదీ ఆ రోజు అనలేదు.

సంక్రాంతి వెళ్లాక ఇల్లు మంజూరైంది. మిద్దె దించే రోజు యామిని సెలవు పెట్టి వచ్చింది. టోపీ లేదు, బ్యానరు లేదు. సుంకమ్మ ఆమె చేతికి ఒక గంప ఇచ్చింది. ఈరన్న, మేస్త్రి గోడల మీదుగా పైకెక్కి పారలతో చౌడు మన్ను ఎత్తి పోస్తుంటే, కింద ఆడవాళ్లు వరసగా నిలబడి గంపలు అందుకున్నారు.

పది గంపలకు నాకేమీ తెలియలేదు. యాభైకి దూలం చిన్నగా నిట్టూర్చింది. తర్వాత ఒక్కో గంపా నా తల మీంచే దిగుతున్నట్టు అనిపించింది. సన్నని వెలుగు గీత ఒకటి దంతెల మధ్య నుంచి లోపలికి పడింది. ఆ ఇంట్లో నేను అంత వెలుతురు ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నానికి మన్నంతా పోయింది, దంతెలు పోయాయి. తాళ్లు కట్టి దూలాన్ని పక్కకు దించుతుంటే అది మధ్యలో రెండు ముక్కలైంది, చప్పుడు కూడా లేకుండా. మొద్దు పక్కకు ఒరిగింది. నా తల మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

అందరూ చెట్టు కింద అన్నాలకు కూర్చున్నారు. సుంకమ్మ మాత్రం చేతులు కడుక్కోకుండానే కప్పులేని ఇంట్లోకి వచ్చింది. నా చుట్టూ ఉన్న గీతను కాలితో చెరిపేసి, నడి ఇంట్లో మట్టి మీదే వెల్లకిలా పడుకుంది. కాళ్లు, చేతులు బార్లా చాపింది. ఎండ మొహాన పడుతున్నా కళ్లు మూసుకొని నిద్రపోయింది. భార్గవి వచ్చి చూసి లేపబోతే ఈరన్న ఆపాడు.

సాయంత్రం యామిని నన్ను రెండు చేతులా ఎత్తింది. ఈసారి తూలలేదు. "అన్నా, దీన్ని నేను తీసుకెళ్లనా? నా టేబుల్ మీద పెట్టుకుంటాను. ఎప్పుడూ కళ్ల ముందు ఉంటుంది" అని దస్తగిరిని అడిగింది.

దస్తగిరి తల అడ్డంగా ఊపాడు. "వద్దు మ్మా. అది పని చేసే సామాను" అని తీసుకొని, తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకొని ఇంటికి నడిచాడు.

ఇప్పుడు అతని వాకిట్లో అరుగు మీద ఉన్నాను. మర ఎత్తిన కాడే బిగిసిపోయింది. ఏమీ మోయకపోయినా, మోస్తున్నట్టే నిలబడి ఉన్నాను. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు అడిగాడు. లారీ లేని మనిషికి జాకీ ఎందుకని అతని ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దస్తగిరి మాత్రం రోజూ గాడుల్లో కిరసనాయిలు పోసి, మూడు వేళ్ల చేత్తో కడ్డీ పట్టుకొని ఒకసారి ప్రయత్నిస్తాడు. నేను కదలను. కదలడం మర్చిపోయానేమోనని నాకే అనుమానం.

నిన్న పొద్దున కడ్డీ దూర్చి తిప్పితే ఎక్కడో లోపల కిర్రుమంది. వెంట్రుకవాసి కిందికి దిగాను. దస్తగిరి చటుక్కున ఆగి, వంగి నా దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఇంకొంచెం బలంగా తిప్పితే మర విరిగిపోతుందని అతనికి తెలుసు. కడ్డీ తీసి పక్కన పెట్టాడు. నా మీది తుప్పును తువ్వాలుతో తుడుస్తూ, "మెల్లగానే దిగు, ఎవరూ తొందర పెట్టేవాళ్లు లేరు" అన్నాడు.